మీ మొదటి వేషం ఏది?



ఈ పూట ఒక ప్రశ్న గురించి మాట్లాడదామని వచ్చాను. చిన్న ప్రశ్నే. "మీ మొదటి వేషం ఏది?" అంతే.

ఈ ప్రశ్నని ఇంట్లో ఇద్దరిని అడగొచ్చు. ఒకరు, ఎప్పుడో తిరునాళ్ళ పందిట్లో నాటకమాడిన పెద్దాయన. ఇంకొకరు, కంప్యూటర్లో ఆటలాడుతూ పెరిగిన కుర్రవాడు. ఇద్దరికీ జవాబు ఉంటుంది. చెప్పమంటే ఇద్దరూ కాసేపు ఆగుతారు. తర్వాత మొహంలో వెలుగొస్తుంది. కావాలంటే అడిగి చూడండి.

పెద్దాయన వేషమంటే మీకు తెలుసు. హరిశ్చంద్రుడో, కృష్ణుడో, దుర్యోధనుడో. కుర్రవాడి వేషం సంగతి కొందరికి తెలియకపోవచ్చు. అందుకని ముందు అది చెప్తాను.

కంప్యూటర్లో కొన్ని ఆటలున్నాయి. అవి కారు పందెం లాంటివి కావు. వాటిలో ఒక కల్పిత రాజ్యం ఉంటుంది. కొండలు, అడవులు, కోటలు ఉంటాయి. రాక్షసులు ఉంటారు. ఆ రాజ్యంలోకి మీరు మీ పేరుతో వెళ్ళరు. ఒక మనిషిని తయారుచేసుకుని వెళ్తారు. పేరు పెడతారు. మొహం ఎంచుకుంటారు. వీరుడా, మంత్రగాడా, గాయాలు మాన్పేవాడా, విలుకాడా, అది మీ ఇష్టం. కుర్రవాళ్ళు దీన్ని క్యారెక్టర్ అంటారు. ఆ రాజ్యంలో అదే సమయానికి వేలమంది ఉంటారు. వాళ్ళందరూ మీలాగే ఎక్కడో ఒకచోట కూర్చుని ఆడుతున్న నిజమైన మనుషులు. ఒకళ్ళు కొరియాలో, ఒకళ్ళు బ్రెజిల్‌లో, ఒకళ్ళు హైదరాబాద్ హాస్టల్లో.

ఇది నిన్నమొన్నటిది కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట అచ్చువేశారు. దానికి కంప్యూటర్ అక్కర్లేదు. బల్ల చుట్టూ కూర్చుంటారు. పాచికలు వేస్తారు. ఒకడు కథ నడుపుతుంటే తక్కినవాళ్ళు తమ వేషం ఏం చేస్తుందో నోటితో చెప్తారు. 1978లో ఇంగ్లండ్‌లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి అలాంటి ఆటని కంప్యూటర్‌కి ఎక్కించాడు. రిచర్డ్ బార్టిల్ దాన్ని పెంచాడు. అందులో బొమ్మలే లేవు. అన్నీ అక్షరాలే. "నువ్వు వంతెన మీద ఉన్నావు" అన్న ధోరణిలో తెర మీద అక్షరాలు వస్తాయి. ఏం చేస్తావో నువ్వు టైపు చెయ్యాలి. తర్వాత బొమ్మలొచ్చాయి. 1997లో అల్టిమా ఆన్‌లైన్. 2001లో రూన్‌స్కేప్. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మీ ఇంట్లో కుర్రవాడు ఈ పేర్లలో ఒకటి అంటే, అది ఇదన్నమాట అని పోల్చుకుంటే చాలు.

వీటిలో రూన్‌స్కేప్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దానికి ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు. ఇంటర్నెట్ పేజీ తెరుచుకుంటే చాలు, ఆట అందులోనే నడిచేది. ఆ ఆటలో మొదటి గంట ఎలా ఉంటుందో తెలుసా? కొత్తగా వచ్చినవాణ్ణి ఒక చిన్న దీవిలో దింపుతారు. అక్కడ చెట్టు కొట్టడం నేర్పుతారు. నిప్పు రాజేయడం నేర్పుతారు. వలేసి రొయ్యలు పట్టి, కాల్చడం నేర్పుతారు. ఒక ఎలకని చంపమంటారు. అదీ మన వీరుడి మొదటి యుద్ధం. అక్కణ్ణించి లంబ్రిడ్జ్ అనే ఊళ్ళో వదిలేస్తారు. చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ఎటు పోవాలో తెలియదు. చచ్చిపోతే మళ్ళీ ఆ ఊళ్ళోనే లేస్తాడు. పాత రోజుల్లో మోసుకెళ్తున్నవాటిలో ఖరీదైనవి మూడు మాత్రం మిగిలేవి. తక్కినవి పోయేవి.

ఇలాంటి ఆటలాడినవాళ్ళని మొదటి క్యారెక్టర్ గురించి అడగండి. ఒకడు, తొందరలో తోచిన పేరు పెట్టేశానని, ఏళ్ళ తరబడి ఆ పేరుతోనే పిలిపించుకున్నానని చెప్తాడు. ఇంకొకడు, మంత్రగాణ్ణి చేసుకుని బుద్ధిబలం పెంచాల్సింది పోయి కండబలం పెంచుకుంటూ పోయానంటాడు. ఇంకొకడు దారితప్పి రాక్షసుల మధ్యకి పోయాడు. అప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఆగి, వాళ్ళని కొట్టి, దారి చూపించి, ఒక కత్తి కూడా చేతిలో పెట్టిపోయాడు.

ఆ చివరి మాట గుర్తుంచుకోండి. కత్తి ఇచ్చిపోయిన మనిషి. మళ్ళీ ఆ మాటకొస్తాను.

ఇప్పుడు మన పందిట్లోకి వద్దాం. పొదిలి, కొనకనమిట్ల, తర్లుపాడు, మార్కాపురం, కంభం, గిద్దలూరు. ఈ దారిలో ఏ ఊళ్ళో తిరునాళ్ళ జరిగినా రాత్రంతా పద్యనాటకం నడిచిన రోజులు పెద్దవాళ్ళకి బాగా తెలుసు. కురుక్షేత్రమంటే ఒక కృష్ణుడు సరిపోడు. ఒక సీనుకి ఒకటో కృష్ణుడు, తర్వాత సీనుకి రెండో కృష్ణుడు. హరిశ్చంద్ర అయినా అంతే. అడవి సీనుకి ఒకరు, వారణాసికి ఒకరు, కాటి సీనుకి ఒకరు. జనం ముగ్గుర్నీ పోల్చి చూసి, తెల్లారి టీ కొట్టు దగ్గర తీర్పు చెప్పేవారు.

మరి ఈ నాటకాల్లో కుర్రవాడికి మొదట దొరికే వేషం ఏది? చాలామందికి హరిశ్చంద్రుడి కొడుకు లోహితాస్యుడు. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్ర నాటకం వందేళ్ళకి పైగా ఆడుతూనే ఉంది. అన్నేళ్ళలో ఎంతమంది పిల్లలు లోహితాస్యుడి వేషంతో స్టేజి ఎక్కారో ఆలోచించండి. ఆ పిల్లవాడి పనేమిటి? నాలుగు మాటలు. ఆ తర్వాత పాము కరుస్తుంది. చచ్చిపోవాలి. కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము. చంద్రమతి ఒళ్ళో కదలకుండా పడుకోవాలి. పద్యం మీద పద్యం వస్తుంటుంది. దోమ కుట్టినా కదలకూడదు. చాలామంది నిజంగానే నిద్రపోయేవారు. పిల్లవాడు భలే చేశాడని జనం మెచ్చుకునేవారు. ఈ వేషం కట్టినాయన ఇవాళ డెబ్బయ్యేళ్ళవాడైనా, ఆ స్టేజి చెక్క ఎంత చల్లగా ఉందో చెప్తాడు.

పేరుపడ్డవాళ్ళ మొదటి వేషాలూ చూడండి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారినే తీసుకోండి. సత్యభామ వేషానికి ఆంధ్రదేశమంతా పేరు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన స్టేజి మీదకి ఎలా వచ్చారు? 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం. చంద్రమతి వేషం కట్టవలసిన నటుడు రాలేదు. ఈ కుర్రవాణ్ణి నిలబెట్టారు. అంతే. ఒకాయన రాకపోవడంతో ఒక మహానటుడు తయారయ్యాడు. ఆ రాని నటుడు ఎవరో, ఆ క్షణంలో "నువ్వు కట్టు" అని ముందుకు తోసింది ఎవరో, ఎంతమందికి తెలుసు?

ఎన్టీ రామారావుగారి కథ మీకు తెలిసిందే. విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారు తెలుగు మాస్టారు. కాలేజీలో రాచమల్లు దౌత్యమనే నాటకం. రామారావుగారికి నాగమ్మ వేషం ఇచ్చారు. ఆయన మీసం తియ్యనన్నారు. మీసంతోనే ఆడారు. మీసాల నాగమ్మ అని పేరు పడిపోయింది. తర్వాత ఎన్ని సినిమాల్లో కృష్ణుడు వేశారో, ఎంతటి పదవి చేపట్టారో అందరికీ తెలుసు. అయినా ఇవాళ్టికీ జనం మీసాల నాగమ్మని చెప్పుకుంటూనే ఉన్నారు.

అంతదాకా ఎందుకు? ప్రకాశం జిల్లాకి పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు కూడా కుర్రతనంలో నాటకాల్లో వేషాలు కట్టినవారే. ఒంగోలులో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారని మాస్టారుండేవారు. నాటకాల మనిషి. ఆయనే ఈ పిల్లవాణ్ణి చేరదీశారు. తనతో రాజమండ్రి తీసుకెళ్ళి చదివించారు. ప్రకాశంగారు 'నా జీవిత యాత్ర'లో ఆ రోజులు రాసుకున్నారు. రాసుకున్నారు కాబట్టి నాయుడుగారి పేరు మనకి మిగిలింది. రాయకపోతే? మాస్టారు పేరు ఒంగోలు మట్టిలో కలిసిపోయేది.

ఇప్పుడు నా అసలు మాట చెప్తాను.

మొదటి వేషంలో మనం చేసింది తక్కువ. మన చుట్టూ ఉన్నవాళ్ళు చేసింది ఎక్కువ. పదో వేషం నాటికి అన్నీ మనకే వస్తాయి. రంగు మనమే వేసుకుంటాం. పద్యం మనమే ఎత్తుకుంటాం. అప్పటి కథ చెప్పమంటే మన గొప్పే చెప్పుకుంటాం. మొదటి వేషం కథ అలా ఉండదు. ముద్దశంఖం కలిపి మొహానికి పూసినవాడు ఒకడు. కిరీటం జారకుండా తాడు బిగించినవాడు ఒకడు. తెర చాటున నిలబడి మాట అందించినవాడు ఒకడు. కుర్రవాడి గొంతు పైకి పోలేదని గ్రహించి, శ్రుతి ఒక మెట్టు దించి వాయించిన హార్మోనిస్టు ఒకడు. వీళ్ళ పేర్లు కరపత్రం మీద ఉండవు. మైకులో చెప్పరు. మొదటి వేషం కట్టినవాడి జ్ఞాపకంలో మాత్రమే ఉంటాయి. ఆయనతోపాటే పోతాయి.

ఆటలో కత్తి ఇచ్చిపోయిన మనిషి కూడా ఈ జాతివాడే. అతని అసలు పేరు తెలియదు. ఊరు తెలియదు. చేసిన మేలు మాత్రం తెలుసు.

అందుకే ఈ ప్రశ్న అడగమంటున్నాను. మొదటి వేషం గురించి అడిగితే, వేషం కట్టినవాడితోపాటు, ఆ వేషం కట్టించినవాళ్ళు కూడా బయటికొస్తారు.

ఇక ఎలా అడగాలి? ఇది ముఖ్యం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "తాతా, నీ నాటకాల గురించి చెప్పు" అంటారు. తాత, "ఏముంది నాయనా, ఏదో ఆడాం" అంటాడు. మాట అక్కడితో అయిపోతుంది. తాత దగ్గర లేక కాదు. ప్రశ్న మరీ పెద్దదైపోయింది.

బావిలో చేద జారిపడితే మనవాళ్ళు ఏం చేసేవారు? కొక్కేల గాలం వేసేవారు. తాడుకి గాలం కట్టి, బావి అడుగున మెల్లగా తిప్పుతారు. ఏదో ఒక చిన్న కొక్కేనికి చేద కాడ తగులుకుంటుంది. అప్పుడు మొత్తం చేద పైకొస్తుంది. జ్ఞాపకాన్ని కూడా అలాగే తియ్యాలి. చిన్న కొక్కెం కావాలి. అంటే చిన్న ప్రశ్న.

"ఆ రాత్రి నీ మొహానికి రంగు వేసింది ఎవరు తాతా?" ఇది చిన్న ప్రశ్న.

"డ్రస్సులు ఎక్కణ్ణించి తెచ్చారు? నీకు సరిపోయిందా?"

"పద్యం నేర్పింది ఎవరు? ఎక్కడ కూర్చోబెట్టి నేర్పారు?"

"తెర లేచినప్పుడు ముందు నీ కంటికి ఎవరు కనపడ్డారు?"

"ఇంటికొచ్చాక రంగు ఎలా కడుక్కున్నావు?"

చూడండి, ఈ చివరి ప్రశ్నకి కొబ్బరినూనె వస్తుంది. కొబ్బరినూనె వెంట, ఆ గిన్నె అందించిన నాయనమ్మ వస్తుంది. ఆమె పక్కనే ఉంటే, ఇక ఆమే అందుకుంటుంది. "ఆ పూట మీ తాత పక్కదుప్పటంతా రంగు చేశాడు" అంటుంది. అప్పుడు రికార్డు చేస్తున్న ఫోను ఆమె వైపు తిప్పండి. నాటకాలు ఆడినవాళ్ళ కథల్లో ఆడవాళ్ళ మాట దాదాపు ఎక్కడా ఉండదు. రిహార్సలు పేరుతో మగవాడు రాత్రుళ్ళు పోతే, ఇల్లూ గొడ్డూ చూసుకున్నది ఆమె. ఆమె చెప్పే నాటకం వేరేగా ఉంటుంది. అది కూడా కావాలి.

మళ్ళీ చెప్తున్నాను. పెద్ద ప్రశ్న వద్దు. చిన్న ప్రశ్న అడగండి. చేతికి తగిలిన వస్తువు గురించి, పక్కన నిలబడ్డ మనిషి గురించి అడగండి.

ఇంకో మాట. మధ్యలో పద్యం వస్తే ఆపకండి. గొంతు జీరపోయినా, దమ్ము చాలకపోయినా పాడనివ్వండి. తప్పు చెప్తే దిద్దకండి. ఏడాది తప్పు చెప్పినా ఫర్వాలేదు. అది తర్వాత సరిచూసుకోవచ్చు. మాట తెగితే మళ్ళీ దొరకదు.

కొందరికి తమ మొదటి వేషం గుర్తుండదు కూడా. సురభి కుటుంబాలనే తీసుకోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడించారు. ఆ సమాజం అలా మొదలైంది. తరాల తరబడి ఆ ఇళ్ళలో పిల్లలు స్టేజి మీదే పెరిగారు. ఒళ్ళో పాప కావాల్సిన సీనైతే, ఇంట్లో పాపే ఆ సీనులోకి వస్తుంది. ఆ పాపకి ఏం గుర్తుంటుంది? అమ్మని అడగాలి. అత్తని అడగాలి. అంటే, ఒకరి మొదటి వేషం ఇంకొకరి జ్ఞాపకంలో ఉంటుంది. మీ బడి వార్షికోత్సవంలో మీరు ఏ వేషం కట్టారో మీకంటే మీ పెద్దక్కకి బాగా గుర్తుండొచ్చు. అడగండి.

ఇప్పుడు పెద్దవాళ్ళకి ఒక మనవి. మీ మనవణ్ణి కూడా ఇదే ప్రశ్న అడగండి. మన వైపు ఊళ్ళ పిల్లలు చాలామంది బయటే ఉన్నారు. హైదరాబాద్, బెంగళూరు, ఇంకా దూరం. ఆదివారం ఫోను చేస్తారు. "తిన్నావా?" "తిన్నా తాతా." "వానలు పడ్డాయా?" "లేదు నాయనా." తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచదు. అప్పుడు ఇలా అడగండి. "నాయనా, నువ్వు చిన్నప్పుడు కంప్యూటర్లో ఏదో ఆడేవాడివే, అందులో నీ మొదటి వేషం ఏది?" వాడు ముందు ఆశ్చర్యపోతాడు. తాత ఈ మాట అడుగుతాడని వాడు కలలో కూడా అనుకోడు. "నీకెవరైనా సాయం చేశారా అందులో?" అని అడగండి. చేసే ఉంటారు. ఈ ఆటల్లో అన్నీ ఒంటరిగా సాగవు. పెద్ద రాక్షసుణ్ణి కొట్టాలంటే జట్టు కట్టాలి. ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవాడు ఒకడు, వాడి గాయాలు మాన్పేవాడు ఒకడు, దూరంనించి కొట్టేవాడు ఒకడు. ఒకడు తప్పు చేస్తే అందరూ పోతారు. కృష్ణుడు మాట మరిచిపోతే అర్జునుడు అందుకుని సీను నిలబెట్టడం మీకు తెలుసు కదా. మనవడి కథ మీకు అర్థమవుతుంది. ఆట అర్థం కాకపోయినా, కథ అర్థమవుతుంది.

ఆటల మీద వేళాపాళా లేకుండా కూర్చుంటే చదువు పోతుందని, కళ్ళు పోతాయని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం అకారణం కాదు. నాటకాల మీద పడి చేలు అమ్ముకున్నవాళ్ళ కథలు కూడా మన ఊళ్ళల్లో ఉన్నాయి. వాటిని దాచిపెట్టక్కర్లేదు. అడిగినప్పుడు అవీ చెప్పనివ్వండి.

ఒక సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. ఇందాక రూన్‌స్కేప్ అన్నాను కదా. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఆటని మార్చుకుంటూ వచ్చారు. పాతవాళ్ళకి నచ్చలేదు. మా పాత ఆట మాకు కావాలన్నారు. ఆ కంపెనీ దగ్గర 2007 నాటి నకలు ఒకటి మిగిలి ఉంది. 2013లో జనాన్ని ఓటు అడిగి, దాన్ని మళ్ళీ తెరిచారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వాళ్ళు కూడా 2019లో తమ తొలినాటి ఆటని మళ్ళీ తెరిచారు. జనం విరగబడ్డారు. ఆ చెట్లే, ఆ కోటలే, ఆ ఎలకలే. అన్నీ ఉన్నాయి. కత్తి ఇచ్చిన ఆ మనిషి మాత్రం లేడు. ఎక్కడున్నాడో తెలియదు. అతను కంపెనీ దాచిన నకల్లో లేడు. ఆడినవాడి జ్ఞాపకంలోనే ఉన్నాడు.

మన పందిరి కూడా మళ్ళీ వెయ్యొచ్చు. డ్రస్సులు అద్దెకి దొరుకుతాయి. మైకు దొరుకుతుంది. పద్యాలు పుస్తకంలో ఉన్నాయి. శ్రుతి ఒక మెట్టు దించిన హార్మోనిస్టు పేరు ఏ పుస్తకంలో ఉంది?

అందుకని, పని ఇలా మొదలుపెట్టండి. మీ ఫోనులోనే గొంతు రికార్డు చేసే సదుపాయం ఉంటుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక, ఫ్యాను చప్పుడు లేని చోట కూర్చోండి. రికార్డు మొదలుపెట్టగానే ముందు మీరు మాట్లాడండి. ఇవాళ తేదీ చెప్పండి. ఊరు పేరు చెప్పండి. మాట్లాడేది ఎవరో, ఆయన మీకు ఏమవుతారో చెప్పండి. ఈ నాలుగు మాటలు లేకపోతే, పదేళ్ళ తర్వాత వినేవాడికి అది ఎవరి గొంతో తెలియదు. తర్వాత మొదటి చిన్న ప్రశ్న వెయ్యండి. "రంగు వేసింది ఎవరు?"

ఒక్కరోజులో అయిపోవాలని లేదు. అలిసిపోతే ఆపండి. మర్నాడు మళ్ళీ కూర్చోండి. రాత్రంతా ఆయన గుర్తుతెచ్చుకుంటూనే ఉంటాడు. పొద్దున్నే ఆయనే మిమ్మల్ని పిలిచి, "నిన్న ఒకాయన పేరు మర్చిపోయాను" అంటాడు.

అయ్యాక దాన్ని ఒక్క ఫోనులో ఉంచకండి. ఫోను పోతే అంతా పోతుంది. ఇంకొకరికి పంపండి. బయట ఉన్న పిల్లలకి పంపండి. ఆయన చెప్పిన పేర్లు మాత్రం ఒక కాగితం మీద రాసిపెట్టండి. హార్మోనిస్టు, మేకప్ మనిషి, మాట అందించినాయన, పద్యం నేర్పినాయన. ఇంటిపేరుతో సహా రాయండి. ఆ ఇళ్ళవాళ్ళు మీ ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో ఉండే ఉంటారు. వాళ్ళకీ వినిపించండి. తమ తాత పేరు ఇంకొకరి తాత నోట వినడం వాళ్ళకి మొదటిసారి కావచ్చు.

ఆటలాడిన పిల్లలకీ ఇదే చెప్తున్నాను. మీ పాత అకౌంటు ఇంకా తెరుచుకుంటే, ఒకసారి లోపలికి వెళ్ళి మీ మొదటి క్యారెక్టర్ బొమ్మ తీసి దాచుకోండి. తెరుచుకోకపోతే, గుర్తున్నంత రాసుకోండి. ఏ పేరు పెట్టుకున్నారు, ఏ ఊళ్ళో మొదలుపెట్టారు, ఎవరు చేయిపట్టుకుని తీసుకెళ్ళారు. రాసింది ఇంటికి పంపండి. తాతకి చదివి వినిపించేవాళ్ళు ఇంట్లో ఉంటారు.